పాత వర్క్‌స్టేషన్‌ని ఉంచాలా, మార్చాలా? కొనే ముందు ఇలా తేల్చుకోండి

"అప్పట్లో దొరికినవాటిలో పెద్దదే కొన్నాను. రెండు ప్రాసెసర్లు, 128 జీబీ ర్యామ్. ఇప్పుడు మామూలు డెస్క్‌టాప్ కూడా దీన్ని దాటేస్తోందంటున్నారు. మార్చేయమంటారా?" వర్క్‌స్టేషన్ (బరువైన పనుల కోసం తయారైన పెద్ద కంప్యూటర్) వాడేవాళ్ల నుంచి ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. అడిగేవాళ్లు మోడల్ చెబుతారు, ఎన్నేళ్లయిందో చెబుతారు. ఆ మెషీన్ మీద ఏ పని చేస్తారో, ఆ పని ఎక్కడ ఆగుతోందో మాత్రం చెప్పరు. నిజానికి జవాబంతా అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చూడండి. 2016లో వచ్చిన ఇంటెల్ వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ జియాన్ ఈ5-2690 వీ4లో 14 కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), టర్బో, అంటే అందుకోగలిగే గరిష్ఠ వేగం, 3.5 గిగాహెర్ట్జ్. 2024లో వచ్చిన ఏఎమ్‌డీ డెస్క్‌టాప్ ప్రాసెసర్ రైజెన్ 9 9950ఎక్స్‌లో 16 కోర్లు, బూస్ట్ 5.7 గిగాహెర్ట్జ్. పైగా కొత్త కోర్ ఒక్కో క్లాక్‌లో చేసే పని కూడా ఎక్కువ. ఇంతవరకే చూస్తే కొనేయాలనిపిస్తుంది. కానీ ఆ జియాన్‌కి నాలుగు మెమరీ చానెళ్లు (ర్యామ్‌కి వెళ్లే దారులు), 40 పీసీఐఈ లేన్లు (కార్డులకు, డిస్కులకు వెళ్లే దారులు) ఉన్నాయి; మీది రెండు సాకెట్ల (రెండు ప్రాసెసర్ల) మెషీన్ అయితే దానికి రెట్టింపు. రైజెన్‌కి మెమరీ చానెళ్లు రెండే, వాడుకోగలిగిన లేన్లు 24. అంటే మార్చినప్పుడు ఒకటి వస్తుంది, ఇంకొకటి పోతుంది. మీ పనికి కావలసింది వచ్చేదా, పోయేదా అన్నది తేల్చుకోవాలి.

కావలసినవి

- మీరు రోజూ చేసే పనుల్లోంచి మూడు అసలు ఫైళ్లు: ఒకటి మామూలుది, ఒకటి బరువైనది, ఒకటి మిమ్మల్ని బాగా విసిగించేది
- స్టాప్‌వాచ్, రాసుకోవడానికి ఒక స్ప్రెడ్‌షీట్
- విండోస్ అయితే టాస్క్ మేనేజర్, రిసోర్స్ మానిటర్, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో. లైనక్స్ అయితే హెచ్‌టాప్, వీఎంస్టాట్, ఐఓస్టాట్
- డిస్క్ ఆరోగ్యం చూడటానికి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లేదా స్మార్ట్‌సీటీఎల్
- ప్లగ్ దగ్గర పెట్టే వాట్ మీటర్, దొరికితేనే
- పూర్తి బ్యాకప్. మెషీన్ మూత తీయబోతున్నారు కాబట్టి ఇది మొదటి పని.

1. మార్చక తప్పని కారణం ఏదైనా ఉందా చూడండి

వేగంతో సంబంధం లేకుండా మార్చాల్సి వచ్చే సందర్భాలు కొన్ని ఉంటాయి. ముందు వాటిని తేల్చేస్తే మిగతా శ్రమ తప్పుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్: విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 (భద్రతా చిప్) ఉండాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఆ జాబితా దాదాపుగా ఇంటెల్ 8వ తరం నుంచి, రైజెన్ 2000 నుంచి మొదలవుతుంది. పైన చెప్పిన ఈ5 వీ4 జియాన్లు అందులో లేవు. చెక్‌ని దాటవేసి ఇన్‌స్టాల్ చేసే దారులు ఉన్నాయి గానీ, అలాంటి మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. క్లయింట్ల ఫైళ్లు పెట్టుకునే మెషీన్ మీద ఆ ప్రయోగం వద్దు. లైనక్స్ వాడేవాళ్లకు ఈ గొడవే లేదు. ఇంటెల్ మ్యాక్ ప్రో వాడేవాళ్లకైతే మ్యాక్ఓఎస్ 26తో దారి ఆగిపోతుందని ఆపిల్ ముందే చెప్పింది.

గ్రాఫిక్స్ కార్డ్: క్యూడా (ఎన్‌విడియా కార్డు మీద లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) 13వ వెర్షన్ నుంచి మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా తరాల కార్డులకు ఎన్‌విడియా సపోర్ట్ తీసేసింది. అంటే జీటీఎక్స్ 1080 టీఐ, క్వాడ్రో పీ6000 లాంటివి. పాత క్యూడా 12తో అవి పనిచేస్తూనే ఉంటాయి. మీ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ క్యూడా 13 అడిగితేనే చిక్కు. అయినా అప్పుడు మార్చాల్సింది కార్డు, మెషీన్ మొత్తం కాదు.

హార్డ్‌వేర్ చెడిపోవడం: ఉన్నట్టుండి రీస్టార్ట్ అవడం, ఈసీసీ (తప్పులు సరిదిద్దుకునే ర్యామ్) ఎర్రర్లు లాగ్‌లో పెరుగుతూ పోవడం, బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బడం. డెల్, హెచ్‌పీ, లెనోవో వర్క్‌స్టేషన్లలో చాలావాటికి పవర్ సప్లై, మదర్‌బోర్డు సొంత కొలతల్లో ఉంటాయి. బయట దొరికే భాగం సరిపోదు. బోర్డు పోయిందంటే అదే మోడల్ పాతది వెతుక్కోవాలి. అలాంటప్పుడు మార్చడమే మేలు.

2. మీ పనికి టైమ్ రాయండి

మూడు ఫైళ్లనీ మీరు రోజూ చేసినట్టే నడపండి: ఓపెన్ చేయడం, ప్రివ్యూ, రెండర్ లేదా కంపైల్, సేవ్. ఒక్కో అంచెకీ విడివిడిగా టైమ్ రాయండి. "ఎక్స్‌పోర్ట్ గంట" అని ఒకే అంకె రాస్తే తర్వాత లెక్కకు పనికిరాదు.

ఒక్కో పనిని మూడుసార్లు చేసి మధ్య అంకె తీసుకోండి. మొదటిసారి రీస్టార్ట్ చేసిన వెంటనే చేయండి. రెండోసారి ఫైళ్లు ర్యామ్ కాష్‌లో ఉంటాయి కాబట్టి ఓపెన్ అవడం తేలికవుతుంది. ఈ రెండింటి మధ్య తేడా బాగా ఎక్కువుంటే డిస్క్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

ప్రతి టైమ్ పక్కనా ఇంకో గడి పెట్టండి: ఆ సమయంలో మీరు కుర్చీలో ఎదురుచూస్తూ కూర్చున్నారా, వేరే పనిలో ఉన్నారా, నిద్రపోతున్నారా? తీర్పు దగ్గర ఈ గడే ఎక్కువ పనికొస్తుంది.

3. పాతదాన్ని ముందు బాగుచేయండి

దుమ్ము పట్టిన మెషీన్‌ని కొత్తదానితో పోల్చి "రెండింతలు వేగం" అనుకోవడం చాలామంది చేసే పని. పోలిక పెట్టే ముందు ఇవి చూసుకోండి.

*వేడి.* బరువైన పని పావుగంట నడుపుతూ హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో క్లాక్, ఉష్ణోగ్రత గమనించండి. మొదటి నిమిషంలో 3.2 గిగాహెర్ట్జ్ ఉన్నది పదో నిమిషానికి 2కి పడిపోయి, పక్కన థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) దగ్గర "యెస్" అని కనిపిస్తే, మీ సమస్య ప్రాసెసర్ వయసు కాదు, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్. పవర్ తీసేసి, బ్లోయర్‌తో దుమ్ము దులిపి, పేస్ట్ మార్చండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఇళ్లు ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనర్ బోర్డు దగ్గరికి తేవద్దు.

*ర్యామ్ అమరిక.* నాలుగు చానెళ్ల ప్రాసెసర్‌కి రెండే ర్యామ్ స్టిక్కులు పెట్టి ఉంటే మెమరీ బ్యాండ్‌విడ్త్ సగమే అందుతుంది. రెండు సాకెట్ల మెషీన్‌లో ఇంకో చిక్కు: ర్యామ్ అంతా ఒక ప్రాసెసర్ వైపే ఉంటే రెండోది ప్రతిదానికీ పక్కవాడి దగ్గరికి వెళ్లి తెచ్చుకోవాలి. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో మెమరీ ట్యాబ్ చూసి, మాన్యువల్‌లో ఏ స్లాట్‌లో ఏది పెట్టమన్నాడో సరిచూడండి. ఇది తప్పుగా ఉన్న మెషీన్లు మీరు ఊహించేదానికంటే ఎక్కువ.

*మిగతావి.* పవర్ ప్లాన్ సేవర్‌లో ఉండిపోయిందేమో చూడండి. ఎస్‌ఎస్‌డీ నిండిపోతే రాత వేగం పడిపోతుంది, కాస్త ఖాళీ చేయండి.

ఇదంతా అయ్యాక 2వ అంచె మళ్లీ చేయండి. కొందరి ప్రయాణం ఇక్కడే ముగుస్తుంది.

4. పని ఎక్కడ ఆగుతోందో పట్టుకోండి

ఈ గైడ్‌లో తొందరపడకూడని అంచె ఇదే. పని నడుస్తుండగా పక్కనే మానిటర్ పెట్టుకుని చూడండి.

*ఒకే కోర్ మీద ఆగడం.* అందరూ మోసపోయేది ఇక్కడే. 14 కోర్ల ప్రాసెసర్లు రెండు ఉంటే, ఒక్కో కోర్‌కి రెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరసలు) చొప్పున మొత్తం 56 థ్రెడ్లు. ప్రోగ్రామ్ ఒకే థ్రెడ్ మీద పూర్తి వేగంతో పరిగెడుతున్నా టాస్క్ మేనేజర్‌లో మొత్తం సీపీయూ వాడకం 2 శాతం దగ్గరే చూపిస్తుంది. "సీపీయూ ఖాళీగానే ఉంది, అంటే సీపీయూ సమస్య కాదు" అనేసుకుంటారు. తీరా చూస్తే సమస్య అచ్చంగా సీపీయూదే. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్ల వారీగా చూడండి. అప్పుడు కూడా విండోస్ ఆ థ్రెడ్‌ని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి తిప్పుతూ ఉంటుంది కాబట్టి ఏ గడీ పూర్తిగా నిండినట్టు కనిపించకపోవచ్చు. పని సాగినంతసేపూ మొత్తం వాడకం ఆ రెండు శాతం దగ్గరే కదలకుండా నిలబడితే అది ఒకే థ్రెడ్ పని అని అర్థం. క్యాడ్‌లో మోడల్ రీబిల్డ్, పెద్ద ప్రోగ్రామ్ చివర్లో లింకింగ్, చాలా ప్లగిన్లు ఇలాగే ఉంటాయి. కొత్త ప్రాసెసర్ వల్ల బాగా లాభపడేది ఈ రకం పనే.

*అన్ని కోర్లూ నిండటం.* సీపీయూ రెండర్, పెద్ద కంపైల్. ఇక్కడ పాత వర్క్‌స్టేషన్ ఇంకా గట్టిగానే పోటీ ఇస్తుంది. కొత్తది గెలుస్తుంది గానీ, క్లాక్ అంకెలు చూసి ఊహించినంత కాకపోవచ్చు.

*ర్యామ్ చాలకపోవడం.* రిసోర్స్ మానిటర్‌లో మెమరీ ట్యాబ్ కింద హార్డ్ ఫాల్ట్స్ (ర్యామ్‌లో దొరక్క డిస్క్ నుంచి తేవడం) వందల్లో సాగుతున్నాయా? లైనక్స్‌లో వీఎంస్టాట్ చూపే స్వాప్ (ర్యామ్ నిండి డిస్క్ వాడుకోవడం) నిలువు వరసలు రెండూ సున్నా కాకుండా కదులుతున్నాయా? అయితే ర్యామ్ వేయండి, అంతే. సున్నాలే ఉంటే 128ని 256 చేసినా ఒక్క సెకను కూడా కలిసిరాదు.

*డిస్క్.* యాక్టివ్ టైమ్ 100 శాతం దగ్గర ఉండి సీపీయూ తగ్గిందంటే డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. మామూలు హార్డ్ డిస్క్ సెకనుకు 150-200 ఎంబీ, సాటా ఎస్‌ఎస్‌డీ 550 ఎంబీ దాకా, పీసీఐఈ 3.0 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ దాదాపు 3,500 ఎంబీ ఇస్తాయి.

*గ్రాఫిక్స్ కార్డ్.* టాస్క్ మేనేజర్ మొదట చూపించే గ్రాఫ్ 3డీది. రెండర్ లెక్కలు అందులో కనిపించకపోవచ్చు. ఎన్‌విడియా కార్డయితే ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ కమాండ్‌తో చూడండి. షేర్డ్ జీపీయూ మెమరీ అంకె పెరుగుతుంటే కార్డు మెమరీ చాలడం లేదు.

*వీడియో డీకోడ్.* ఎడిటింగ్ చేసేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కెమెరా నుంచి వచ్చిన హెచ్.265 4:2:2 10-బిట్ క్లిప్‌లు టైమ్‌లైన్‌లో నత్తనడక నడుస్తున్నాయా? ఆ ఫార్మాట్‌ని హార్డ్‌వేర్‌లో విప్పడం ఎన్‌విడియా గేమింగ్ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి, ఆర్క్ కార్డుల్లో ఉంది. లోపల గ్రాఫిక్స్ లేని జియాన్‌కి ఎన్ని కోర్లున్నా ఈ పని సాఫ్ట్‌వేర్‌లోనే లాగాలి. మెషీన్ మార్చకుండా ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికైన నకళ్లు) చేసుకోండి, లేదా ఆ డీకోడర్ ఉన్న కార్డు ఒకటి పెట్టండి.

*ఏదీ నిండకపోవడం.* అప్పుడు బయట చూడండి. ఫైళ్లు నెట్‌వర్క్ స్టోరేజ్‌లో ఉండి, కేబుల్ గిగాబిట్‌ది అయితే సెకనుకు 120 ఎంబీ దాటదు. ఎంత కొత్త మెషీన్ తెచ్చి అదే కేబుల్‌కి తగిలించినా ఫైలు అంతే సేపట్లో తెరుచుకుంటుంది. లైసెన్స్ సర్వర్ జవాబు కోసం, యాంటీవైరస్ స్కాన్ కోసం ఆగే సందర్భాలూ ఉంటాయి.

5. కొత్తదాని లాభం లెక్కగట్టండి

ఎక్స్‌పోర్ట్‌కి 60 నిమిషాలు పడుతోందనుకోండి. మీ నోట్స్ ప్రకారం అందులో 40 నిమిషాలు జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మీద, 12 ఒకే కోర్ మీద, 8 డిస్క్ మీద గడుస్తున్నాయి. ఒక కోర్ వేగం రెట్టింపు ఉన్న మెషీన్ కొని, పాత కార్డు, పాత డిస్కులే అందులో పెట్టారు. 12 కాస్తా 6 అవుతుంది. మొత్తం 54 నిమిషాలు. ఇంత ఖర్చుకీ మిగిలింది ఆరు నిమిషాలు. అదే పాత మెషీన్‌లోనే రెట్టింపు వేగమున్న కార్డు పెడితే 40 కాస్తా 20 అవుతుంది, మొత్తం 40 నిమిషాలు.

వేగం ఎంత పెరుగుతుందో అంకె ఎక్కడిదన్నది తర్వాతి ప్రశ్న. మీ సాఫ్ట్‌వేర్‌కి సంబంధించిన ఫలితాలే చూడండి. బ్లెండర్ వాడితే బ్లెండర్ ఓపెన్ డేటా, అడోబీ వాడితే ప్యూజెట్‌బెంచ్. గేమ్‌ల ఫ్రేమ్ రేట్లతో మీ పనికి సంబంధం లేదు. అన్నిటికంటే మంచిది, కొత్త మెషీన్ ఉన్న స్నేహితుల దగ్గర మీ మూడు ఫైళ్లూ నడిపి చూడటం. క్లౌడ్‌లో అద్దెకు తీసుకుని పరీక్షిస్తే ఒక జాగ్రత్త: అక్కడ వీసీపీయూ అంటే చాలాసార్లు ఒక కోర్ కాదు, ఒక థ్రెడ్. సర్వర్ ప్రాసెసర్ల క్లాక్ కూడా డెస్క్‌టాప్ కంటే తక్కువ.

పాతదానికి కార్డు లేదా డిస్క్ చేర్చాలనుకుంటే ముందు ఇవి కొలుచుకోండి: పవర్ సప్లై ఎన్ని వాట్లు, కార్డుకి కావలసిన కనెక్టర్లు ఉన్నాయా, కేసులో పొడవు పడుతుందా. ఆర్‌టీఎక్స్ 5090 ఒక్కటే 575 వాట్ల దాకా తాగుతుంది. పీసీఐఈ 3.0 స్లాట్ గురించి మాత్రం పెద్దగా టెన్షన్ పడకండి. 16 లేన్ల స్లాట్ సెకనుకు దాదాపు 16 జీబీ ఇస్తుంది, రెండరింగ్‌కి చాలావరకు అది చాలు. ఇక చాలా పాత బోర్డులకు ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావడం రాదు. అలాంటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌ని సాటా మీదే ఉంచి, ప్రాజెక్ట్ ఫైళ్లకు ఎన్‌వీఎంఈ వాడుకోండి.

6. పోయేవాటి జాబితా రాయండి

ర్యామ్ మొదటిది. డీడీఆర్4 స్టిక్కులు డీడీఆర్5 బోర్డులో పట్టవు. వర్క్‌స్టేషన్లో ఉండే రిజిస్టర్డ్ ఈసీసీ ర్యామ్ అయితే మామూలు డీడీఆర్4 డెస్క్‌టాప్‌లో కూడా పనిచేయదు. అంటే మొత్తం ర్యామ్ కొత్తగా కొనాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి కాబట్టి ఈ ఒక్క లైనే లెక్కను తిరగేయొచ్చు. మీ దగ్గర ఇప్పటికే 256 జీబీ ఉండి, దాన్ని నిజంగా వాడుతుంటే, నా సలహా ఆగమనే.

తర్వాత లేన్లు. రెండు గ్రాఫిక్స్ కార్డులు, ఒక క్యాప్చర్ కార్డు, 10 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు అన్నీ కలిపి వాడేవాళ్లు మామూలు డెస్క్‌టాప్ బోర్డు కొని తర్వాత లబోదిబోమంటారు. రెండో స్లాట్ చూడ్డానికి పొడవుగా ఉన్నా లోపల నాలుగు లేన్లే ఉండొచ్చు. మాన్యువల్‌లో చూసి కొనండి. అన్నీ కావాలంటే థ్రెడ్‌రిప్పర్ లేదా జియాన్ డబ్ల్యూ లాంటి వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ల వైపు వెళ్లాలి, ఖర్చు వేరే మెట్టుకి వెళ్తుంది. ఆపిల్ సిలికాన్ మ్యాక్‌కి మారేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి: దానిలో ర్యామ్ కొన్నంతే, తర్వాత పెంచలేరు.

ఇక లైసెన్సులు. కొన్ని ఖరీదైన సాఫ్ట్‌వేర్లు మెషీన్ ఐడీకి లేదా నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యకి (మ్యాక్ అడ్రస్) కట్టేసి ఉంటాయి. మార్చుకోవడానికి కంపెనీ ఒప్పుకుంటుందా, రుసుము ఉందా, మీ పాత వెర్షన్‌ని ఇంకా యాక్టివేట్ చేస్తుందా? కొనే ముందు ఈమెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి. కొత్త విండోస్‌లో మీ పాత స్కానర్, ఆడియో ఇంటర్‌ఫేస్ డ్రైవర్లు ఉన్నాయో లేదో కూడా చూడండి.

7. తేల్చేయండి

నేను పాటించే కొలత ఇది. మీరు కూర్చుని ఎదురుచూసే పని మొత్తం సమయం సగానికి తగ్గితే మార్చండి. నాలుగో వంతుకంటే తక్కువ తగ్గితే వద్దు, చిన్న మార్పులతో లాక్కురండి. మధ్యలో ఉంటే 6వ అంచెలో రాసిన జాబితా చూసి తేల్చుకోండి. రాత్రి పెట్టి పడుకునే రెండర్ అయితే, తెల్లారేసరికి పూర్తవుతున్నంత కాలం మూడు రెట్ల వేగం కూడా మీకు ఏమీ ఇవ్వదు.

కరెంటు సంగతి: మీటర్ మీద పాతది ఖాళీగా ఉన్నప్పుడు 180 వాట్లు, కొత్తది 70 వాట్లు అనుకుందాం. రోజుకి 10 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపితే తేడా 330 యూనిట్లు. మీ యూనిట్ రేటుతో హెచ్చవేసి చూడండి. 24 గంటలూ నడిచే మెషీన్ అయితే తప్ప, ఒక్క కరెంటు బిల్లు కోసం మార్చడం గిట్టుబాటు కాదు.

8. కొన్నాక సరిచూసుకోండి

వాపసు ఇచ్చే గడువు లోపలే అవే మూడు ఫైళ్లు, అదే పద్ధతిలో నడపండి. 5వ అంచెలో వేసిన అంచనాకి దగ్గరగా రావాలి. రాకపోతే ముందు వీటిని చూడండి:

- బయాస్‌లో మెమరీ ప్రొఫైల్ ఆన్ చేశారా? ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయకపోతే ర్యామ్ తక్కువ వేగంలో నడుస్తుంది.
- నాలుగు స్టిక్కులు పెట్టారా? డీడీఆర్5 డెస్క్‌టాప్ బోర్డుల్లో నాలుగు నింపితే వేగం పడిపోతుంది. రైజెన్ 9000 సిరీస్‌లో అధికారికంగా 3600కి దిగుతుంది. కొనేటప్పుడే రెండు పెద్ద స్టిక్కులు తీసుకోండి.
- మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి పెట్టారా, బోర్డుకి పెట్టారా? నవ్వకండి, జరుగుతుంది.
- మెమ్‌టెస్ట్ (ర్యామ్ పరీక్ష) ఒక రాత్రంతా నడిపారా? ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ వాపసు ఇచ్చేయండి.

అంతా సరిగ్గా ఉండి కూడా అంచనాకి చాలా దూరంలో ఉంటే మొహమాటపడకుండా మెషీన్‌నే వాపసు ఇవ్వండి.

పాతదాన్ని వెంటనే అమ్మొద్దు. కనీసం ఒక నెల, అంటే మీ అన్ని రకాల పనులూ కొత్తదాని మీద ఒకసారి తిరిగేదాకా, తీసిపెట్టుకోండి. అమ్మే ముందు సాఫ్ట్‌వేర్ లైసెన్సులన్నీ అందులోంచి డీయాక్టివేట్ చేయండి. డిస్క్ చెరిపేశాక ఆ పని చేయడం కష్టం. డిస్కులు తీసి వేరే మెషీన్‌కి పెట్టుకోవాలనుకుంటే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి. డిస్కులతో సహా ఇచ్చేస్తుంటే, హార్డ్ డిస్క్‌ని పూర్తిగా ఓవర్‌రైట్ చేయండి, ఎస్‌ఎస్‌డీకి దాని తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడండి. క్విక్ ఫార్మాట్‌తో ఫైళ్లు పోవు.